ఎనిమిది సెకన్లకొక బొమ్మ

మా ఆఫీసులో నన్ను బొమ్మలావిడ అంటారు. నా ముందు అనరు గాని, నాకూ చెవులున్నాయి. ఫ్యాక్టరీల్లో పొగ ఎటు పోతుంది, గాలి ఎటు తిరుగుతుంది అని కంప్యూటర్ల చేత లెక్క కట్టించేవాళ్ళు పక్క గదిలో కూర్చుంటారు. వాళ్ళు లెక్కలవాళ్ళు. వాళ్ళు ఇచ్చేదంతా అంకెలే, కోట్లకు కోట్లు. వాటిని చూస్తే మామూలు మనిషికి ఒక్క ముక్క అర్థం కాదు. వాటిలోంచి రంగుల బొమ్మలు తీసి, వాటిని వరసగా అతికించి, కస్టమరు ముందు సినిమాలా ఆడించడం నా పని. ఎరుపు ఉన్నచోట విషపు గాలి, నీలం ఉన్నచోట మంచి గాలి. ఇరవై రెండేళ్ళుగా ఎరుపూ నీలమూ పులుముతూ బతుకుతున్నాను.

బయటివాళ్ళకి తెలియని సంగతి ఒకటుంది. ఈ పనిలో లెక్క కట్టడం కంటే, కట్టిన లెక్కను చూడడానికే ఎక్కువ కాలం పడుతుంది. ఒక షెడ్డులో పది నిమిషాల గాలిని లెక్క కట్టడానికి మా మిషన్లకి రెండు రోజులు చాలు. కాని సెకనుకి పదిసార్లు ఆ గాలిని ఫైలుగా దాచుకుంటే ఆరువేల ఫైళ్ళవుతాయి. ఒక్కో ఫైలూ తెరవాలి, నిలువునా కోయాలి, రంగు వేయాలి, మూయాలి, మళ్ళీ తర్వాతది తెరవాలి. దానికి అయిదు రోజులు. వంట రెండు రోజులు, వడ్డన అయిదు రోజులు. కస్టమరు రోజుకి రెండుసార్లు ఫోను చేసి "అయిందా?" అంటాడు. మా మేనేజరు నా బల్ల దగ్గరికి వచ్చి అదే మాట ఇంకాస్త మర్యాదగా అడుగుతాడు.

ఆ అయిదు రోజుల్ని పదకొండు నిమిషాలు చేసింది నేను. గొప్పకి చెప్పడం లేదు. తప్పెవరిదో ముందే తేలిపోతే మంచిదని చెబుతున్నాను.

నేను చేసింది ఇంతే. లెక్క జరుగుతుండగానే, అంకెలు ఇంకా మిషను లోపల వేడివేడిగా ఉండగానే, నాకు కావలసిన ముక్క కోసుకుని అక్కడికక్కడే బొమ్మ తీసేసే ప్రోగ్రాం ఒకటి రాశాను. మిగతా అంకెల్ని డిస్కు మీద దాచే పని లేదు. పుట్టినవి పుట్టినట్టే పోతాయి. ఫైళ్ళు లేవు గనక తెరవడమూ మూయడమూ లేదు. లెక్క ముగిసిన పదకొండు నిమిషాలకి సినిమా తయారు.

దాన్ని మొదటిసారి వాడింది మా తమ్ముడి ఫ్యాక్టరీ పని మీదే.

తమ్ముడు ఇనుప సామాన్లకి జింకు పూత వేసే చోట పనిచేస్తాడు. పూతకి ముందు తుప్పు వదిలించడానికి ఇనుమునంతా వేడి యాసిడ్ తొట్టిలో ముంచుతారు. ఆ తొట్టి గట్టున తొమ్మిదేళ్ళుగా నిలబడుతున్నాడు. ఇంట్లో వాడి ముద్దుపేరు గడియారం. చిన్నప్పటి నుంచి లెక్కపెట్టే జబ్బు వాడికి. మెట్లు, కిటికీ ఊచలు, చివరికి అమ్మ తిట్టిన తిట్లు కూడా. "పొద్దుట్నుంచి పద్నాలుగు" అని అమ్మకే చెప్పి, పదిహేనోది తినేవాడు. నోట్లో నాలుక లేని మనిషి, ఆ నోట్లో ఉన్నవల్లా అంకెలే.

వాడికి దగ్గు పట్టుకుని నాలుగేళ్ళయింది. యాసిడ్ ఆవిరి అని అందరికీ తెలుసు. తొట్టి పైన ఉన్నది మా అమ్మమ్మ కాలం నాటి ఫ్యాను, అది తిరగడమే గొప్ప. ఎట్టకేలకు ఫ్యాక్టరీవాళ్ళు కొత్త హుడ్ పెట్టించాలనుకున్నారు. తొట్టికి ఒక పక్క నుంచి గాలి ఊది, ఆవిరిని అవతలి పక్కకి తోసి, అక్కడున్న హుడ్‌లోకి లాగేసే ఏర్పాటు. ఆ పని మా కంపెనీకే వచ్చింది. నేను ఎగిరి గంతేశాను. మరదలికి ఫోను చేసి, "ఇక మీ ఆయన దగ్గు సంగతి నాకొదిలెయ్" అన్నాను. ఎవరడిగారని అన్నానో ఆ మాట.

మొదట అయిదు సెకన్లకొక బొమ్మ తీశాను. సినిమా వణికింది. తొట్టి గట్టు దగ్గర ఎరుపు ఒక బొమ్మలో బయటికి వచ్చేది, తర్వాతి బొమ్మలో లోపలికి పోయేది, ఆ తర్వాత ఇంకెక్కడో ఉండేది. మేనేజరు నా వెనక నిలబడి చూసి, "ఏంటమ్మా ఇది, చలిజ్వరం వచ్చినట్టు? కస్టమరుకి కళ్ళు తిరుగుతాయి" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ప్రోగ్రాం కొత్తది, నేను రాసింది. అంకెలు సగం మారుతుండగా బొమ్మ తీస్తోందేమో, తప్పు నాదే అనుకున్నాను. గాలే అలా కొట్టుకుంటోందేమో అన్న అనుమానం నాకు లేశమైనా రాలేదు. కొత్త కోడలు వండితే ఉప్పెక్కువైనా కోడలి తప్పే, నీళ్ళు ఉప్పగా ఉన్నాయేమో అని ఎవరూ చూడరు. ఆరు పెట్టి లెక్క మళ్ళీ నడిపించాను, వణికింది. ఏడు పెట్టాను, వణుకు తగ్గి నెమ్మదిగా ఊగింది. ఎనిమిది పెట్టాను. బొమ్మ అద్దంలా నిలిచిపోయింది. ఎరుపంతా బుద్ధిగా తొట్టి మీద నుంచి హుడ్‌లోకి పోతోంది, గట్టు మీద మనిషి ఉండేచోట నీలం.

"ఆహా! ఇదీ సినిమా అంటే" అన్నాడు మేనేజరు.

పది నిమిషాల గాలికి డెబ్బై అయిదు బొమ్మలు. ఫ్యాక్టరీవాళ్ళు చూసి చప్పట్లు కొట్టారు. హుడ్ కట్టారు, బిగించారు. నా ప్రోగ్రాంని ఆఫీసంతా వాడడం మొదలుపెట్టింది. ఫైళ్ళతో డిస్కు నిండిపోతోందని ఏళ్ళ తరబడి గోల చేస్తున్నాను గనక, నెల దాటినవన్నీ వాటంతటవే చెరిగిపోయే ఏర్పాటు కూడా పట్టుబట్టి పెట్టించాను. ఆ నెలలో నా అంత తృప్తిగా ఉన్న మనిషి ఇంకొకరు ఉండి ఉండరు.

హుడ్ పెట్టిన మూడో వారం తమ్ముడు వచ్చి, "అక్కా, ముందుకంటే ఘాటుగా ఉంది" అన్నాడు.

నేను కసిరాను. వాణ్ణి కూర్చోబెట్టి సినిమా చూపించాను. "నువ్వు నిలబడేది ఇక్కడ. ఏ రంగుందో చూడు."

"నీలం."

"మరి?"

"బొమ్మ బాగుందక్కా" అన్నాడు తమ్ముడు, దగ్గుతూ. వాడి అలవాటే అంత, నాతో వాదించి గెలిచింది చిన్నప్పుడూ లేదు.

కాని తట్టుకోలేక వాళ్ళ సేఫ్టీ కమిటీకి ఒక కాగితం పెట్టుకున్నాడు. కమిటీవాళ్ళు మా కంపెనీని అడిగారు. మా కంపెనీ నన్ను పంపింది. నేను వెళ్ళి సినిమా ఆడించాను. సొంత తమ్ముడి ఫిర్యాదు మీద నేనే వెళ్ళి, గట్టు మీద నీలాన్ని కర్రతో చూపించి వచ్చాను. ఫిర్యాదులో పస లేదని రాసి ఫైలు మూసేశారు. కంచే చేను మేసిందంటే ఇదే, కాకపోతే మేస్తున్నట్టు కంచెకి తెలియదు.

తెలిసింది ఒక ఆదివారం మధ్యాహ్నం. తమ్ముడూ మరదలూ మా మేనకోడలూ భోజనానికి వచ్చారు. మేనకోడలికి తొమ్మిదేళ్ళు. దానికి ప్రశ్నలు తప్ప వేరే ఆట తెలియదు. "నాన్నా, ఆ యాసిడ్ వాసన ఎప్పుడూ వస్తూనే ఉంటుందా?" అని అడిగింది.

"ఎప్పుడూ రాదమ్మా. ఎనిమిదికొకసారి వస్తుంది."

"ఎనిమిది గంటలకా?"

"ఎనిమిది సెకన్లకి" అని వేలితో బల్ల మీద కొట్టి చూపించాడు. "ఒకటి, రెండు, మూడు... ఇలా ఏడు దాకా ఏమీ ఉండదు. ఎనిమిదికి ముఖం మీదికొస్తుంది. మళ్ళీ ఒకటి."

కూర వడ్డిస్తున్న నా చెయ్యి ఆగిపోయింది. "ఏమన్నావురా?"

"ఏం లేదక్కా, పిల్లతో ఏదో..."

"ఎనిమిదని నీకెలా తెలుసు? నిజంగా లెక్కపెట్టావా?"

వాడు నన్ను వింతగా చూశాడు. గడియారాన్ని పట్టుకుని టైము తెలుసా అని అడిగినట్టుంది వాడికి. "ఉత్తినే లెక్కపెట్టడం కాదు, కాగితం కట్టి చూశాను. పల్చటి కాగితం ముక్క ఒకటి గట్టు మీది కమ్మీకి కట్టాను. ఏడు దాకా హుడ్ వైపే పడుకుని ఉంటుంది. ఎనిమిదికి నా వైపు లేస్తుంది. రెండు రోజులు చూశాను. మూడో రోజు సూపర్‌వైజరు తీసిపారేశాడు, తొట్టిలో పడుతుందని."

నేను గరిటె గిన్నెలో పెట్టి కూర్చున్నాను. ఉయ్యాల ఊగుతోందనుకోండి. అది వెనక్కి వచ్చిన ప్రతిసారీ, సరిగ్గా ఆ క్షణానే ఎవరైనా కళ్ళు తెరిచి మళ్ళీ మూసుకుంటే, ఆ ఉయ్యాల కదలనే లేదని ఒట్టేసి చెబుతారు. నేను అలా డెబ్బై అయిదుసార్లు కళ్ళు తెరిచాను. అయిదుకీ ఆరుకీ బొమ్మ వణికిందంటే, గాలి ఊగుతోందని అది నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పడమే. వణుకు పోయేదాకా అంకెలు మార్చుకుంటూ పోయి, సరిగ్గా ఏ అంకె దగ్గర నిజం కనబడదో ఆ అంకె దగ్గర ఆగాను. నాలుగు సెకన్లు ఆలస్యంగా మొదలుపెట్టి ఉంటే, అదే బొమ్మ ఎరుపు వాడి ముఖం మీద ఉండగా నిలిచిపోయేది, ఎవడో ఒకడు చూసేవాడు. ఆ మాత్రం అదృష్టం కూడా మాకు లేకపోయింది.

"వదినా, అన్నం చల్లారిపోతోంది" అంది మరదలు.

"తప్పు నాదే" అన్నాను. అన్నం గురించి అనుకుని మరదలు నవ్వింది.

మర్నాడు పొద్దున్నే మేనేజరు గదిలోకి వెళ్ళి విషయమంతా చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని అయినా ఊరుకునేదాన్ని. మొత్తం విన్నాడు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆ మొదటి వణికిన సినిమా ఉందా అమ్మా?"

"లేదు సార్. నెల దాటింది, చెరిగిపోయింది."

"అసలు అంకెలు?"

"దాచలేదు కదా సార్. దాచకపోవడమే కదా ఆ ప్రోగ్రాం."

"మళ్ళీ లెక్క కట్టించండి మరి."

"అడిగాను. మిషన్లన్నీ ఏదో సొరంగంలో గాలి లెక్క మీద ఉన్నాయట. మన వంతు ఇరవై మూడు రోజులకి."

ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నాడు. "మీరు చెప్పేది నిజమే కావచ్చు. కాని ఇప్పుడు మన చేతిలో ఏముంది? మీ తమ్ముడి మాట ఒకటి, ఒక కాగితం ముక్క ఒకటి. అవతల హుడ్ కట్టేసి ఉంది. లెక్క వచ్చాక చూద్దాం."

"ఆ వణికింది మీరూ చూశారు సార్. చలిజ్వరం అన్నారు."

"అన్నానా?" నిజంగానే గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించాడు పాపం. "ట్రయల్సు రోజుకి పది చూస్తానమ్మా."

ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసరుకి ఫోను చేశాను. ఆయనా మర్యాదస్తుడే. తొట్టి దగ్గర గాలిని కొలిచామనీ, హద్దుకి చాలా లోపలే ఉందనీ చెప్పాడు. ఎలా కొలిచారని అడిగాను. చిన్న గొట్టం ఒకటి గంటసేపు గాలి పీల్చి సగటు చెబుతుందట. ఎనిమిది సెకన్లలో ఏడు మంచివి, ఒకటి విషం, సగటు మంచిదే అవుతుంది. చెంపదెబ్బల్ని కూడా గంటకి సగటు తీస్తే నిమిరినట్టే ఉంటుంది. పొగ వదిలి చూడండి, గాలి దారి కళ్ళకే కనబడుతుంది అన్నాను. హుడ్ పెట్టిన రోజే వదిలి చూశామన్నాడు. అప్పుడు తొట్టి చల్లగా, ఖాళీగా ఉంది. వేడి తొట్టి మీద మళ్ళీ చేయాలంటే లైను ఆపాలి, లైను ఆపాలంటే కమిటీ చెప్పాలి, కమిటీ చెప్పాలంటే ఫిర్యాదు ఉండాలి.

ఇక్కడ రెండో తప్పు చేశాను. ఇరవై మూడు రోజులు ఆగి ఉండాల్సింది. ఆగలేకపోయాను. ప్రతి ఎనిమిది సెకన్లకీ వాడి ముఖం మీదికి ఆ ఆవిరి వస్తోందని తెలిశాక, బల్ల ముందు కూర్చుని వేరే ఫ్యాక్టరీకి రంగులు వేయడం నా వల్ల కాలేదు. తమ్ముడి చేత రెండోసారి ఫిర్యాదు రాయించాను. వాడు వద్దన్నాడు. వాళ్ళ ఫ్యాక్టరీలో ఒక నియమం ఉంది. ఒకే ఫిర్యాదు రెండోసారి పెట్టి, రెండోసారీ పస లేదని తేలితే, మనిషిని మెడికల్‌కి పంపుతారు. అక్కడ తొట్టి పనికి తగడని రాస్తే ఇంటికే. తొట్టి తప్ప వాడికి వేరే పని రాదు, ఆ ఫ్యాక్టరీలో వేరే పని లేదు.

"నేనొచ్చి చెబుతానురా. బొమ్మ తీసినదాన్నే తప్పని చెబితే నమ్మరా?" అన్నాను.

"నువ్వు చెబితే నమ్ముతారులే అక్కా" అని సంతకం పెట్టాడు.

కమిటీ గదిలో పొడుగాటి బల్ల, అయిదుగురు మనుషులు, గోడ మీద తెర. తమ్ముడు చివర్న ఒక కుర్చీ అంచున కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఉతికిన చొక్కా వేసుకొచ్చాడు. మా మేనేజరు నా పక్కనే ఉన్నాడు. నేను లేచి, సినిమా తప్పని చెప్పాను. ఎందుకు తప్పో చెప్పాను. ఉయ్యాల మాట కూడా చెప్పాను. చెవిటివాళ్ళ ముందు శంఖం ఊదానని అనను, వాళ్ళు శ్రద్ధగానే విన్నారు. అదే ఘోరం.

"అయితే ఒకసారి సినిమా చూద్దాం" అన్నాడు సేఫ్టీ ఆఫీసరు.

వేశారు. నీలం, ఎరుపు, నెమ్మదిగా హుడ్‌లోకి పోయే చక్కటి తెర. అంత శుభ్రంగా, అంత ప్రశాంతంగా ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది కాని, ఒక్క క్షణం నేనూ నమ్మాను. ఇంత బాగా తీసినది తప్పెలా అవుతుంది అనిపించింది.

"ఇందులో గాలి బయటికి రావడం ఎక్కడుందండీ?" అడిగాడు ఒకాయన.

"ఇందులో లేదు. బొమ్మకీ బొమ్మకీ మధ్య ఉంది."

"ఆ మధ్యది చూపించండి."

"లేదండి. దాచలేదు."

"అంటే కనబడేది తప్పు, కనబడనిది ఒప్పు అంటారు" అన్నాడాయన. వెక్కిరించలేదు. అర్థం చేసుకోడానికే అడిగాడు. బల్ల చుట్టూ ఎవరో చిన్నగా నవ్వారు.

ఇంకొకాయన మా మేనేజరు వైపు తిరిగాడు. "మరి మీ కంపెనీ ఇదే పద్ధతిలో చేసిన మిగతా సినిమాలన్నీ? మా రెండో షెడ్డుది కూడా ఈ మేడమ్ తీసిందేగా?"

మేనేజరు నా వైపు చూడలేదు. చేతిలో పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "సంస్థ తరఫున చెప్పాలంటే, ఆ సినిమా మా ప్రమాణాల ప్రకారమే తయారైంది. మేడమ్ చెబుతున్నది ఆవిడ సొంత అభిప్రాయం. ఫిర్యాదు చేసినతను ఆవిడకి సొంత తమ్ముడు కూడా" అన్నాడు. అబద్ధం ఒక్కటీ లేదు అందులో.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. నా విషయంలో రెండూ నేను తవ్వినవే. సినిమా ఒప్పంటే తమ్ముడు పోతాడు, తప్పంటే నేను పోతాను. నేను పోయినా తమ్ముడు నిలబడేట్టు లేదు. గొంతు పెంచాను. అరిచాననే చెప్పాలి. "మీలో ఒక్కరు వెళ్ళి ఆ గట్టు మీద పదహారు సెకన్లు నిలబడండి. పదహారంటే పదహారు. అంతకంటే ఏమీ అడగడం లేదు" అన్నాను. ఒకావిడ మంచినీళ్ళ గ్లాసు నా వైపు జరిపింది.

అప్పుడు తమ్ముడు లేచాడు.

"పొరపాటు నాదేనండి. నాకు ఈమధ్య జలుబుగా ఉంది. ఘాటు అన్నది ముక్కు మాట. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటాను" అన్నాడు.

"ఒరేయ్" అన్నాను.

వాడు నా వైపు చూడలేదు. వెనక్కి తీసుకున్న ఫిర్యాదు తేలని ఫిర్యాదు కిందే లెక్కట, మెడికల్ అక్కర్లేదట. సేఫ్టీ ఆఫీసరు హాయిగా ఊపిరి పీల్చుకుని కాగితం ముందుకు తోశాడు. వాడు సంతకం పెట్టాడు. నన్ను నమ్మి ఒక సంతకం, నన్ను కాపాడడానికి ఒక సంతకం, రెండు వారాల్లో.

మెట్ల దగ్గర వాణ్ణి పట్టుకున్నాను. "ఎందుకురా? ఎందుకలా చేశావు?"

"అక్కడ నువ్వు నిలబడ్డ తీరు చూడలేకపోయానక్కా. మా మాస్టారు నన్ను బెంచీ ఎక్కించినట్టుంది."

"నా సంగతి నీకెందుకు? నీ ఊపిరితిత్తులురా అవి!"

"దానికో ఉపాయం ఉందిలే" అన్నాడు. చిన్నప్పుడు దొంగతనంగా ఏదైనా దాచుకున్నప్పటి ముఖం పెట్టాడు. "ఎప్పుడొస్తుందో తెలుసు కదా. ఏడు దగ్గర ఊపిరి బిగబడుతున్నాను. ఎనిమిది దాటాక వదులుతున్నాను. నాలుగు రోజులైంది. దగ్గు తగ్గింది కూడా."

"రోజంతానా?"

"భోజనం టైము తీసేస్తే ఏడు గంటలే. మూడువేల నూట యాభైసార్లు. అలవాటైపోతుంది."

నాకు ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను. వాడు కంగారుపడి, ఆ మెట్లు ఎన్నున్నాయో చెప్పాడు. ముప్పై ఎనిమిది.

ఇరవై మూడు రోజులు ఇరవై ఆరయ్యాయి. ప్రతి పూటా కంప్యూటర్లో మిషన్ల క్యూ తెరిచి మా వంతు ఎక్కడుందో చూసుకునేదాన్ని. ఆ సొరంగంవాళ్ళని తిట్టని తిట్టు లేదు, వాళ్ళేం చేశారు పాపం. చివరికి లెక్క నడిచింది. ఈసారి అరసెకనుకొక ఫైలు దాచాను. పన్నెండు వందల ఫైళ్ళు, ఒక్కోటీ తెరిచి, కోసి, రంగు వేసి, మూసి, పాత పద్ధతిలోనే, నా ప్రోగ్రాంని ముట్టుకోకుండా. రోజంతా పట్టింది. సాయంత్రం ఆడించాను.

ఒకటి, రెండు, మూడు, గట్టు దగ్గర నీలంగా ఉంది. ఏడు దగ్గర తొట్టి మీది ఎరుపు వెనక్కి మళ్ళింది. ఎనిమిదికి గట్టు దాటి, మనిషి ముఖం ఉండేంత ఎత్తుకి లేచి, నాలుకలా ముందుకి సాగి, మళ్ళీ వెనక్కి పోయింది. మళ్ళీ ఒకటి. వాడు వేలితో బల్ల మీద కొట్టిన లెక్కకి వెంట్రుకవాసి తేడా లేదు. కోట్ల అంకెలు కలిసి రెండు రోజులు కష్టపడి చెప్పింది, వాడు ఒక కాగితం ముక్కతో చెప్పాడు.

మేనేజరు చూశాడు. రెండోసారి వేయమని చూశాడు. "నన్ను క్షమించండమ్మా" అన్నాడు. ఆ రోజే ఫ్యాక్టరీకి పంపించాడు, కింద తన పేరే పెట్టి. ఆ మాట ఒప్పుకోవాలి.

జవాబు వారానికి వచ్చింది. ఎంత చక్కటి ఉత్తరమో. మా శ్రద్ధకి కృతజ్ఞతలు. సంబంధిత ఫిర్యాదును కార్మికుడే ఉపసంహరించుకున్నాడు. గాలి కొలతలు హద్దు లోపలే ఉన్నాయి. అయినప్పటికీ మా సూచనను వార్షిక మరమ్మతుల సమయంలో పరిశీలిస్తారు. వార్షిక మరమ్మతులు ఏడు నెలల తర్వాత. లేబర్ ఆఫీసుకి రాశాను. వాళ్ళు మొదట అడిగింది కార్మికుడి ఫిర్యాదు నంబరు. తమ్ముణ్ణి పని మానేయమన్నాను. "మానేసి?" అన్నాడు. సాక్ష్యం చేతికి వచ్చేసరికి కేసే లేకుండా పోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదేనేమో, కాకపోతే కాలింది నా చేతులు కాదు.

నిన్న ఆదివారం. మళ్ళీ మా ఇంట్లో భోజనాలు. దగ్గు బాగానే తగ్గింది వాడికి, అందరూ ఆ సంతోషంలో ఉన్నారు. మేనకోడలు ఏదో అడిగింది, తమ్ముడు చిన్నప్పటి కథ మొదలుపెట్టాడు. నేను గోడ దూకి మోకాలు చెక్కుకుని, తప్పు వాడి మీదకి తోసిన కథ.

"అప్పుడు మీ అత్త ఏం చేసిందో తెలుసా? గోడ దిగి, నేరుగా అమ్మ దగ్గరికి పోయి..."

ఆగాడు. పెదవులు మూసుకున్నాడు. భుజాలు కొంచెం లేచాయి. కళ్ళు ఎక్కడో గోడ మీద నిలిచాయి. తర్వాత గాలి వదిలి, "తమ్ముడు తోశాడమ్మా అంది!" అని పెద్దగా నవ్వాడు.

మేనకోడలు నవ్వింది. మరదలు నవ్వలేదు. "నిద్రలోనూ అంతే వదినా" అంది మెల్లిగా, కంచంలోకి చూస్తూ.

"ఒరేయ్, ఇక్కడ తొట్టి లేదురా" అన్నాను.

"ఏ తొట్టి?" అన్నాడు వాడు. నిజంగానే తెలియలేదు వాడికి. "ఏమన్నావక్కా?"

"ఏమీ లేదు. చెప్పు, తర్వాతేమైంది?"

వాడు కథ అందుకున్నాడు. నేను వినడం లేదు. ఒకటి, రెండు అని లోపల లెక్కపెడుతున్నాను. అమ్మ బెత్తం తీసుకుందన్నాడు, నాలుగు. వాడు మంచం కింద దూరాడన్నాడు, ఆరు. ఈసారైనా ఆగకూడదని ఊరికే మొక్కుకున్నాను. మా మేనకోడలు వాడి ముఖం చూస్తూ, తనకి తెలియకుండానే, తనూ బుగ్గలు బిగించింది.

ఏడు. మాట మధ్యలో ఆగాడు.